అరవదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు

ఎద్దుకు కాలు బెణికితే మీకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. పొద్దున్నే కొట్టం దగ్గరికి పోతే తెలిసిపోతుంది. నెమరు వేయడం మానేస్తుంది, చెవులు వేలాడేస్తుంది, పళ్లు కొరుకుతుంది, ఆ కాలి మీద బరువు మోపదు. మేకకు దెబ్బ తగిలితే అరుస్తుంది. కుక్క కుయ్యిమంటుంది. మన దొడ్లో ఉండే ప్రతి జీవీ తన బాధను ఏదో ఒక రకంగా మనకు చెప్పుకుంటుంది. మరి చెప్పుకోలేని జీవి సంగతేంది? ఈ వారం తాబేలు నొప్పి గురించి రాస్తున్నాను. పంటలకు ధర లేక, వానకు నమ్మకం లేక మేం చస్తుంటే తాబేలు గోల ఏంది అని నవ్వకండి. చివరి దాకా చదివి, అప్పుడు తిట్టినా పడతాను.

పప్పుశనగ విత్తే అదనులో కోయిలకుంట్లకు దగ్గర్లో ఒక పల్లెకు పోయాను. విత్తనాల సంగతి రాసుకుందామని పోయిన పని. ఒక రైతు ఇంటి వసారాలో గుంజకు నైలాను తాడు కట్టి ఉంది. తాడు రెండో కొసన తాబేలు. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు చుక్కల మాదిరి పరుచుకుని ఉన్నాయి. నక్షత్ర తాబేలు అంటారు దీన్ని. చిప్ప అంచుకు బెజ్జం వేసి, అందులోంచి తాడు దూర్చారు. బెజ్జం చుట్టూ నల్లగా రక్తం గడ్డకట్టి ఉంది, ఈగలు ముసురుతున్నాయి. ఎదురుగా పిల్లోళ్లు పెట్టిన పెరుగన్నం ఎండిపోయి ఉంది. తాబేలు కళ్లు మూసుకుని, తల లోపలికి లాక్కుని ఉంది.

ఆ రైతు చెడ్డవాడు కాదు. నాకు చెంబుడు మజ్జిగ ఇచ్చిన మనిషి. తన కోడెకు గాలికుంటు వస్తే వడ్డీకి డబ్బు తెచ్చి వైద్యం చేయించిన మనిషి. "గుట్ట కింద చేన్లో గుంటక తోలేటప్పుడు దొరికింది సార్. పిల్లోళ్లు ఆడుకుంటారని తెచ్చినా. పారిపోతాదేమోనని బెజ్జం వేసినా. చిప్పే గదా, మన గోరు మాదిరి. నొప్పేముంటాది? అరవను గూడా అరవలే" అన్నాడు.

ఆ మాటకు జవాబు అప్పుడు నా దగ్గర కూడా గట్టిగా లేదు. పశువైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మొట్టమొదట చిప్ప సంగతి. తాబేలు చిప్ప గోరు కాదు. అది ఎముక. మన వెన్నుపూస, పక్కటెముకలు ఒంటి లోపల ఉంటే, తాబేలుకు అవే వెడల్పుగా విచ్చుకుని, ఒకదానికొకటి అతుక్కుని చిప్పగా మారాయి. పైన కనబడే నలుపు పసుపు పొర మాత్రమే గోరులాంటి పదార్థం. దాని కింద బతికున్న ఎముక ఉంది, అందులో రక్తం పారుతుంది, నరాలు ఉన్నాయి. చిప్ప మీద వేలు పెట్టి రాస్తే తాబేలుకు తెలుస్తుంది. అంటే చిప్పకు బెజ్జం వేయడం అంటే మత్తు లేకుండా మనిషి పక్కటెముకకు బెజ్జం వేసినట్టే. మరి ఎందుకు అరవలేదు అంటారా? తాబేలుకు మన మాదిరి అరిచే గొంతు లేదు. పైగా అడవిలో బాధను బయటపెట్టిన జీవి నక్కకో గద్దకో ముందు దొరుకుతుంది. అందుకే పాము, తొండ, ఉడుము, తాబేలు ఇవన్నీ దెబ్బ తగిలితే కదలకుండా, మెదలకుండా ఉండిపోతాయి. వీటన్నిటినీ కలిపి సరీసృపాలు అంటారు. వీటికి నొప్పిని పట్టే నరాలు ఉన్నాయి, ఆ నొప్పిని అందుకునే మెదడు ఉంది. మనుషులకు ఆపరేషన్ తర్వాత ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు తాబేళ్లకు ఇచ్చి చూస్తే నొప్పి తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. నొప్పే లేకపోతే నొప్పి మందు పని చేయడం ఏమిటి?

బాధలో ఉన్న తాబేలును గుర్తుపట్టడం కష్టమే గాని అసాధ్యం కాదు. ఎద్దును గమనించే కన్ను ఉన్నవాడికి ఇదీ అలవాటవుతుంది. మేత ముట్టదు. పగటి పూట కూడా కళ్లు మూసుకునే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కాళ్లు లోపలికి గట్టిగా లాక్కోవాల్సింది పోయి వదిలేసినట్టు వేలాడతాయి. ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. ముక్కులోంచి నురగో బుడగలో వస్తుంటే, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తులకు జబ్బు చేసిందని లెక్క. ఆ దశలో ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇంట్లో తాబేలును పెంచుకుంటే లక్ష్మి వస్తుందని ఒక నమ్మకం మన వైపు ఉంది. వచ్చిన లక్ష్మి సంగతి నాకు తెలియదు గాని, ఇంట్లో పెట్టిన తాబేలు పడే పాట్లు మాత్రం ఎక్కడైనా ఒకటే. ఇది మెట్ట పొదల్లో తిరిగే జీవి. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు, పూలు, నాగజెముడు ముక్కలు తిని బతుకుతుంది. దీనికి అన్నం, రొట్టె, బిస్కట్టు, పాలు పెడితే కడుపు చెడుతుంది, ఎముకకు సున్నం అందదు. పొద్దుటి ఎండ ఒంటికి తగలాలి. ఎండ లేక, సున్నం అందక చిప్ప మెత్తబడుతుంది, వంకర్లు తిరుగుతుంది, మిట్టలు మిట్టలుగా లేస్తుంది. కాళ్ల ఎముకలు పెళుసై విరుగుతాయి. బాలింతకు సున్నం తగ్గితే నడుము ఎంత నొప్పో ఆడవాళ్లను అడగండి. నిండుగా పాలిచ్చే బర్రె ఈనిన రెండో రోజే లేవలేక కూలబడితే కాల్షియం బాటిల్ ఎందుకు ఎక్కిస్తారో మీకు తెలుసు. ఇదీ అటువంటిదే. కాకపోతే బర్రె ఒక్క రోజులో పడిపోతుంది, తాబేలు రెండేళ్లు, మూడేళ్లు లోపల్లోపల నలుగుతుంది.

ఇంకొక పొరపాటు ఉంది. తాబేలు అంటే నీళ్లలో ఉంటుంది కదా అని బావిలో వేస్తారు, తొట్టిలో వేస్తారు. చెరువు తాబేలు వేరు, మెట్ట తాబేలు వేరు. నక్షత్ర తాబేలుకు ఈత రాదు. కాలివేళ్ల మధ్య పొర లేదు, ఏనుగు పాదం మాదిరి మొద్దు పాదం దానిది. పుణ్యం వస్తుందని కోనేట్లో వదిలితే మునిగి చస్తుంది. తాగడానికి లోతు లేని పళ్లెంలో నీళ్లు చాలు.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. తాబేళ్లు, తొండల పేగుల్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. వాటికి ఏమీ కాదు. వాటిని పట్టుకున్న చేత్తో పిల్లోడు అన్నం తింటే విరేచనాలు, జ్వరం వస్తాయి. చేతులు సబ్బుతో కడగకుండా వంటింట్లోకి రానివ్వకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దెబ్బ తగిలిన తాబేలుకు మనం ఏం చేస్తాం? కొట్టంలో ఎద్దు కోసం పెట్టిన మందుల డబ్బా తీస్తాం. ఇక్కడే ప్రాణం పోతుంది. గోమార్లకు, పిడుదులకు గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మన ఇళ్లల్లో సీసాలకు సీసాలు ఉంటుంది. తాబేలు మెడ మడతల్లో గోమారు కనబడిందని ఈ మందు వేస్తే కాళ్లు పడిపోయి చస్తుంది. గొర్రెకు అమృతం, తాబేలుకు విషం. ఇది పశువైద్య పుస్తకాల్లో గట్టిగా రాసిన మాట. గోమారు ఉంటే చిన్న చిమటాతో పట్టి లాగాలి, అదీ డాక్టరు చేతుల మీదుగా అయితే మంచిది.

నొప్పి మాత్రలదీ అదే కథ. మనిషికి వేసే మాత్ర పావు ముక్క చేసి నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందనుకుంటారు. సరీసృపాలకు వాటి ఒంట్లో సొంత వేడి ఉండదు. బయట ఎండ ఎంతో వాటి ఒళ్లు అంత. చలిగా ఉంటే తిన్నది అరగదు, మందు ఒంటికి సరిగా పట్టదు, పట్టినది తొందరగా బయటికి పోదు. ఎద్దుకు పూటకో డోసు అంటే దీనికి రోజుల తరబడి ఆగి వేయాల్సి రావచ్చు. మూత్రపిండాల మీద భారం వేసే మందులు చాలా ఉన్నాయి. నీళ్లు లేక ఎండిపోయిన తాబేలుకు అటువంటి మందు పడితే మూత్రపిండాలు చెడిపోతాయి. అందుకే తెలిసిన డాక్టరు ముందు నీళ్లు పట్టిస్తాడు, వెచ్చగా ఉంచుతాడు, ఆ తర్వాతే మందు. ఇంజెక్షన్ కూడా ముందు కాలికే వేస్తాడు. వెనక కాళ్ల నుంచి వచ్చే రక్తం ముందుగా మూత్రపిండాల వైపు పోయే దారి వీటి ఒంట్లో ఉంది. ఇన్ని కిటుకులున్న పనిని మనం అరుగు మీద కూర్చుని చేయబోవడం పొరపాటు కాదా?

నొప్పి మందు ఎంత దూరం పోతుందో మన జిల్లా రైతుకు వేరే చెప్పాలా? నా చిన్నతనంలో ఊరి బయట చచ్చిన ఎద్దును వేస్తే మధ్యాహ్నానికల్లా రాబందులు దిగేవి. ఇప్పుడు మీ పిల్లలకు రాబందు అంటే బొమ్మలో చూపించాల్సిందే. దానికి కారణం పశువుల నొప్పికి వేసిన డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు చస్తే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చేది. ఈ సంగతి 2004లో బయటపడింది. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 100కు 99కి పైగా పోయాయి. 2006లో కేంద్రం పశువుల కోసం డైక్లోఫెనాక్ తయారీని ఆపించింది. మనుషుల కోసం చేసే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదని కట్టడి చేసింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు నిషేధించింది. వాటి బదులు మెలాక్సికామ్ ఉంది, రాబందుకు హాని లేదని తేలింది. అదే మెలాక్సికామ్‌ను తాబేళ్లకూ డాక్టర్లు వాడతారు. కాని బరువును గ్రాముల్లో తూచి, లెక్క కట్టి వాడతారు. "మెలాక్సికామ్ మంచిదని పేపర్లో రాసినారు" అని మీరు ఎద్దు సీసాలోంచి సిరంజిలోకి లాగితే ఈ వ్యాసం రాసిన పాపం నాకు చుట్టుకుంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

చిప్ప పగిలితే? ట్రాక్టరు రోటావేటరు కింద, రోడ్డు మీద లారీ కింద పడినవి ఇట్లా వస్తుంటాయి. పగిలిన చోట ఫెవిక్విక్ పోసి, ఎంసీల్ పెట్టి అతికించిన ఘనులు ఉన్నారు. లోపల మట్టి, చీము ఉండగా పైన మూత వేస్తే పుండు లోపలికి తినుకుంటూ పోతుంది. పసుపు, సున్నం, పొగాకు కాడ ఇవీ వద్దు. వాతలు అసలే వద్దు. ఎద్దుకు వాత పెడితే నొప్పి పోతుందనే నమ్మకమే తప్పు, నొప్పి మీద ఇంకో నొప్పి పెట్టడం తప్ప అందులో వైద్యం లేదు. డాక్టరు ముందు నొప్పి మందు, మత్తు ఇచ్చి, పుండును సెలైన్‌తో కడిగి, కట్టు కట్టి, చీము లేదని ఖాయం చేసుకున్నాకే ముక్కలను దగ్గరికి చేర్చి కదలకుండా బిగిస్తాడు. అతుక్కోవడానికి నెలలు పడుతుంది, పెద్ద దెబ్బయితే ఏడాది దాటుతుంది. ఇంకొక మాట. మంచు మీద పెట్టి చల్లబరిస్తే తాబేలు మొద్దుబారుతుంది, అప్పుడు కోయవచ్చు అని పాతకాలంలో అనుకునేవాళ్లు. చలికి కదలలేకపోవడం వేరు, నొప్పి తెలియకపోవడం వేరు. చలికాలం పొద్దున చేతులు కొంకర్లు పోయినప్పుడు కొడవలి తెగితే మీకు నొప్పి లేదా?

సరే, ఇంత కథ ఎందుకు, తెచ్చి పెంచుకోకుండా ఉంటే సరిపోతుంది కదా అంటారు. నేను చెప్పబోయేది అదే. నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022లో చట్టాన్ని సవరించి దీన్ని మొదటి షెడ్యూలులో, పులి ఉండే వరసలో చేర్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. మొదటి షెడ్యూలు జీవి విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తక్కువ కాకుండా జరిమానా. ఉడుముదీ అదే వరస. 2019లో ప్రపంచ దేశాలన్నీ జెనీవాలో కూర్చుని నక్షత్ర తాబేలు వ్యాపారాన్ని దేశాల మధ్య పూర్తిగా బంద్ చేశాయి. ఎందుకంత పట్టింపు అంటే, 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను పట్టుకుపోయారు. పట్టేది మన మాదిరి మెట్ట పల్లెల కూలీలు. వాళ్ల చేతిలో పడేది చిల్లర. విదేశాల్లో వాటిని పెంపుడు జంతువులుగా అమ్మి వేలకు వేలు గడించేది ఇంకెవరో. గోతాంలో కుక్కి, కాళ్లకు తలకు టేపు చుట్టి, నీళ్లు లేకుండా రోజుల తరబడి మోసుకుపోతారు. ఆ దారిలో పడే బాధకు మందే లేదు.

ఇరవై గోళ్ల తాబేలుకు లక్షలు ఇస్తాం, రెండుతలల పాముకు కోటి ఇస్తాం అని తిరిగే బ్రోకర్ల మాట కూడా నమ్మకండి. రెండుతలల పాము అనేది మొద్దు తోక ఉన్న మామూలు పాము. దానికి తల ఒకటే. బుద్ధి లేనిది కొన్నవాడికి. జైలుకు పోయేది మాత్రం పట్టినవాడే.

ఇక్కడ అధికారులకూ ఒక మాట చెప్పాల్సి ఉంది. ఆ వసారాలోని తాబేలు సంగతికి వస్తాను. "ఆసుపత్రికి తీసకపోదాం పద" అంటే ఆ రైతు భయపడ్డాడు. "పోతే కేసు పెడతారేమో సార్" అన్నాడు. ఆ భయంతోనే మూడు రోజులుగా ఎవరికీ చూపించలేదు. ఈ విలేఖరే ఒక పశువైద్యశాలకు ఫోను చేస్తే, అడవి జీవి మా పని కాదు, ఫారెస్టు వాళ్లను అడగండి అన్నారు. ఫారెస్టు వాళ్లను అడిగితే, వైద్యం డాక్టర్లే చేయాలి, మా దగ్గర ఏముంది అన్నారు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. చివరికి మర్నాడు సాయంత్రం సిబ్బంది వచ్చి తీసుకుపోయారు. రైతు మీద కేసు పెట్టలేదు, ఆ మేరకు వాళ్లకు దండం. నాలుగు రోజులకు ఆ తాబేలు చచ్చిపోయిందని తెలిసింది. బెజ్జం నుంచి చీము లోపలికి పాకిందట.

డాక్టర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మండలానికి ఒక డాక్టరు, వందల పశువులు, గాలికుంటు టీకాలు, గొర్రెలకు నట్టల మందు, ఈనలేని బర్రెలు. తాబేలును చూసే తీరిక ఎక్కడిది? చదువుకునేటప్పుడు కూడా ఎద్దు, బర్రె, గొర్రె, కోడి మీదే ఎక్కువ చదువు. కాని దారి లేకపోలేదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. దాని కళాశాల ఒకటి ప్రొద్దుటూరులోనే ఉంది, మనకు పెద్ద దూరం కాదు. తిరుపతి జంతు ప్రదర్శనశాలలో అడవి జీవులను చూసి చేయి తిరిగిన డాక్టర్లు ఉన్నారు. మండల డాక్టరు ఒక ఫోటో పంపి ఫోనులో అడిగితే, ఏ మందు ఎన్ని గ్రాములకు ఎంత అని చెప్పేవాళ్లు దొరుకుతారు. ఏడాదికి ఒక్క రోజు మన జిల్లా డాక్టర్లకు, గ్రామ పశు సహాయకులకు ఈ విషయం మీద శిక్షణ పెడితే ఖర్చెంత? అటవీ శాఖ వాళ్లు ఊరూరా బోర్డు పెట్టి "దెబ్బ తగిలిన జీవిని తెచ్చి అప్పగించిన రైతును వేధించం" అని రాస్తే పోయేదేముంది? చట్టంలోనే దారి ఉంది. అడవి జీవి చేతికొస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్‌కో, అధికారం ఉన్న అటవీ అధికారికో తెలపాలని అందులో రాసి ఉంది. ఈ మాట రైతుకు చెప్పేవాడు లేడు. జైలు మాట మాత్రం అందరూ చెబుతారు. భయపెట్టే చట్టం తాబేలును కాపాడదు, గడ్డివామి వెనక దాపెట్టిస్తుంది.

పాము గురించి కూడా నాలుగు మాటలు రాయకపోతే మీరు ఊరుకోరు. "పాము కాటుకు రైతు చస్తుంటే పాముకు నొప్పి అంటావా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాము కాటుకు పోయారని ఒక అంచనా. అందులో ఎక్కువ మంది మన మాదిరి పల్లె జనమే. కరిస్తే మంత్రగాడి దగ్గరికి పోకుండా 108కి ఫోను చేసి, సర్కారు ఆసుపత్రిలో విరుగుడు మందు వేయించుకోండి. ఇందులో రెండో మాట లేదు. నేను చెప్పేది వేరే. సగం కొట్టి వదిలేసిన పాము చావదు. నడుం విరిగి గట్టు బొరియలోకి దూరి, నొప్పితో రోజుల తరబడి అక్కడే పడి ఉంటుంది. గడ్డి కోయడానికి చేయి పెట్టిన మనిషిని అదే కరుస్తుంది. తల తెగిన నాగుపాము కూడా కాసేపటి దాకా కరవగలదు. వదిలేస్తే తన దారిన పోయేది, కొట్టి మన నెత్తిమీదికి తెచ్చుకుంటాం.

జెర్రిపోతుకు విషమే లేదు. అది మీ చేన్లో, మీ గాదె కింద ఎలుకలు తింటుంది. జొన్న కంకులు, పప్పుశనగ కాయలు ఎలుకల పాలవుతున్నాయని మందు ముద్దలు కొని పెడుతున్నాం. మరోవైపు జెర్రిపోతును కనబడితే చంపుతున్నాం. కూరగాయల మడికి చుట్టిన నైలాను వలలో చిక్కుకునేవి ఎక్కువ ఇవే. వల దారం పొలుసుల కిందికి కోసుకుపోయి, గింజుకునే కొద్దీ బిగుస్తుంది. మీరు చేయి పెట్టకండి, ఏ పామో తేల్చుకునే పని మీది కాదు. నీడ కోసం పైన గోనెపట్ట కప్పి, పాములు పట్టడం తెలిసిన వాళ్లకో అటవీ సిబ్బందికో కబురు పెట్టండి. కిరోసిన్, ఫినాయిల్ చల్లితే ఒళ్లు కాలుతుంది, పాము పోదు. పంట అయిపోయాక ఆ వలలు చుట్టి ఇంటికి తెచ్చుకుంటే సగం బాధ తప్పుతుంది.

నాగుల చవితికి బుట్టలో నాగుపామును తెచ్చి పాలు పోయించేవాళ్లు అక్కడక్కడా ఇంకా కనబడతారు. ఆ పాముకు కోరలు పీకి ఉంటారు, మత్తు లేకుండా. కొన్నింటికి నోరు కుట్టేస్తారు. పాము పాలు తాగే జీవి కాదు. రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండబెడితే దాహానికి ఏది దొరికితే అది మింగుతుంది, ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ తర్వాత నోరు పుచ్చి చస్తుంది. భక్తి ఉన్నవాళ్లు పుట్ట దగ్గర దండం పెట్టుకోండి, ఎవరూ కాదనరు. బుట్ట ముందు మాత్రం రూపాయి వేయకండి. వేసిన రూపాయి ఇంకో పాము కోరలు పీకిస్తుంది.

పట్నాల్లో అక్వేరియం షాపుల్లో ఎర్ర చెవుల తాబేలు పిల్లలను అమ్ముతున్నారు. పిల్లోళ్లు మారాం చేస్తే కొనుక్కొచ్చేవాళ్లు మన పల్లెల్లోనూ మొదలయ్యారు. అది అమెరికా జాతి. రూపాయి బిళ్లంత ఉన్నది పళ్లెమంత అవుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. విసుగొచ్చి కుందూలోనో చెరువులోనో వదిలితే మన తాబేళ్ల మేత తినేస్తుంది. కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే వదలకండి, దానికి జబ్బు చేస్తే డాక్టరుకు చూపించడానికి ఏ భయమూ అక్కర్లేదు.

చివరిగా, రేపు మీ చేన్లో దెబ్బ తగిలిన తాబేలు కనబడితే ఏం చేయాలి? గాయం లేకపోతే ఏమీ చేయొద్దు. గుంటక దారిలోంచి తీసి, అదే చేను గట్టు మీద పొద నీడన వదిలేయండి. దూరంగా తీసుకుపోయి వదలకండి, దాని తిండి, దాగే చోటు దానికి అక్కడే తెలుసు. గాయం ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో పాత మెత్తటి బట్ట పరిచి, అందులో పెట్టి మూయండి. పుండు మీద ఈగలు వాలకుండా తడిపి పిండిన శుభ్రమైన బట్ట కప్పండి. తాడు కట్టకండి, బోర్లా తిప్పి వెల్లకిలా పెట్టకండి, మేత పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి, ఏ మందూ వేయకండి. చలికాలమైతే పెట్టెను ఇంట్లో వెచ్చని చోట, ఎండాకాలమైతే నీడన ఉంచండి. నంద్యాల, రుద్రవరం అటవీ కార్యాలయాల్లో దగ్గరిదానికి ఫోను చేయండి, లేకుంటే పోలీసు స్టేషన్‌లో చెప్పండి. సంచార పశు అంబులెన్సు నంబరు 1962, కనీసం సలహా అయినా అడగవచ్చు. ఫోను చేసిన టైము, మాట్లాడిన మనిషి పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పెట్టెను అప్పగించేటప్పుడు ఏ చేన్లో, ఏ గట్టు పక్కన దొరికిందో వాళ్లకు తప్పకుండా చెప్పండి. నయమైతే తిరిగి వదలాల్సింది అక్కడే.